జంట మోటార్ల బొమ్మ పడవకు స్పీడు కంట్రోలరు ఎన్నిక
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982వ సంవత్సరం డిసెంబరు 17న సుప్రీంకోర్టు వారు నకారా కేసులో తీర్పు చెబుతూ, పెన్షను అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చే దానం కాదన్నారు. ఆ రోజును మనం ఏటా పండగలాగా చేసుకుంటున్నాం. ఇటువంటి రోజున డి.ఆర్. గురించో, మెడికల్ బిల్లుల గురించో మాట్లాడవలసినవాడు బొమ్మ పడవ గురించి మాట్లాడటమేమిటని కొందరికి అనిపించవచ్చు. తప్పు నాది కాదు. కిందటి సమావేశానికి మా మనవడు తన పడవను వెంట తెచ్చాడు. భోజనాల వేళ మీ మనవలందరూ దాని చుట్టూ చేరారు. ఆ తరువాత నెల రోజుల్లో మన సభ్యులే చాలామంది నాకు ఫోను చేసి, "ఏమండీ, మా వాడూ కావాలంటున్నాడు, ఏం కొనాలో చెప్పండి" అని అడిగారు. ఒక్కొక్కరికీ చెప్పలేక కార్యదర్శి గారితో అంటే, అందరికీ ఒకేసారి చెప్పేయండి అని ఇరవై నిమిషాలు శాంక్షన్ చేశారు.

నేను ఇంజనీరును కాను. సర్వీసంతా గుమాస్తాగా చేసినవాణ్ణి. కరెంటు గురించి నాకు తెలిసినదంతా పదవీ విరమణ తరువాత, చేతులు కాల్చుకుని నేర్చుకున్నదే. అందుచేత నేను చెప్పేది శాస్త్రం కాదు, అనుభవం. అందులో ఒక ఘోరమైన తప్పు కూడా ఉంది. దాన్ని దాచకుండా చెబుతాను. అసలు ఈ ప్రసంగానికి ఒప్పుకున్నది దాని కోసమే.

మా పడవ టగ్గు. కాకినాడ రేవులో పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేక సముద్రంలో లంగరు వేసుకుని నిలబడితే, సరుకు బార్జీలను లాక్కువెళ్ళే పొట్టి పడవలను మీరు చూసే ఉంటారు. మా వాడికి పడవంటే అదే. వెనుక రెండు ప్రొపెల్లర్లు, ఒక్కొక్క దానికి ఒక్కొక్క మోటారు. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు తిప్పితే పడవ ఉన్నచోటనే గిరగిరా తిరుగుతుంది. మూడడుగుల పొడవున్న పడవను నేనే చెక్కతో కట్టాను. ఆ పని ఏడు నెలలు పట్టింది. కాని కష్టమంతా చెక్కపనిలో లేదని తరువాత తెలిసింది. బాటరీకి, మోటారుకు మధ్య కూర్చునే వేలెడంత పెట్టె ఒకటి ఉంది. దానినే స్పీడు కంట్రోలరు అంటారు. చిక్కంతా దానితోనే.

దాని పని ఏమిటో ముందు చెబుతాను. మన ఇళ్ళలో పాత ఫ్యాను రెగ్యులేటర్లు గుర్తున్నాయా? గోడకు పెద్ద పెట్టె, తిప్పితే టకటకమని శబ్దం, కాసేపటికి చెయ్యి పెడితే కాలేది. ఫ్యానుకు వెళ్ళవలసిన కరెంటులో కొంత భాగాన్ని అది వేడిగా మార్చి పారేసేది. పాతకాలపు బొమ్మ పడవల్లో కూడా తీగచుట్టతో అలాగే చేసేవారట. ఇప్పటి కంట్రోలరు అలా కాదు. కరెంటును సెకనుకు వందల, వేలసార్లు ఆన్ చేసి ఆఫ్ చేస్తుంది. ఆన్‌లో ఎక్కువసేపు ఉంటే మోటారు జోరుగాను, తక్కువసేపు ఉంటే నెమ్మదిగాను తిరుగుతుంది. ఒడ్డున మన చేతిలోని రిమోటు పుల్లను ఎంత జరిపితే ఆ ప్రకారం చేస్తుంది. పుల్లను వెనక్కు లాగితే మోటారును వెనక్కు తిప్పుతుంది. (ఫ్యాను రెగ్యులేటరునే పడవలో పెట్టకూడదా అని ఒక మిత్రుడు అడిగారు. కూడదండి. అది ఇంటి కరెంటుకు చేసినది, బాటరీ కరెంటుకు పనికిరాదు. నేనూ మొదట అదే అనుకున్నాను.)

వైరు లేకుండా పడవను నడపటం ఈనాటి సంగతి కాదు. పిల్లలూ, ఇది మీ కోసం చెబుతున్నాను. 1898లోనే న్యూయార్కు నగరంలో నికోలా టెస్లా అనే మహానుభావుడు నీళ్ళతొట్టిలో చిన్న ఇనుప పడవను రేడియో అలలతో నడిపి జనాన్ని నివ్వెరపరిచాడు. మనకు తెలిసిన రేడియో ప్రసారాలు అప్పటికి ఇంకా పుట్టనే లేదు.

ఇక నా తప్పు సంగతి. రెండు మోటార్లు కదా, కంట్రోలరు ఒకటి కొనాలా రెండు కొనాలా అన్న ప్రశ్న వచ్చింది. ఒకటైతే సగం ఖర్చు. గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది? లోయెస్టు కొటేషన్‌కు టిక్కు పెట్టాను. దాని మీద పెద్ద అక్షరాలతో 320 ఆంపియర్లు అని అచ్చువేసి ఉంది. వెల చూస్తే రెండు కిలోల కందిపప్పు ధర. మన రెండు మోటార్లకు 320 ఎక్కడ, ఇంత బలం ఉన్నాక ఇంకేం కావాలి అనుకున్నాను. రెండు మోటార్ల వైర్లనూ కలిపి ఆ ఒక్కదానికే తగిలించాను. ఇంట్లో నీళ్ళతొట్టిలో బ్రహ్మాండంగా తిరిగింది.

ఒక ఆదివారం పొద్దున్నే మా వాణ్ణి వెంటబెట్టుకుని ఊరి చెరువుకు వెళ్ళాను. పది నిమిషాలు హాయిగా తిరిగింది. అవతలి గట్టు దగ్గర గుర్రపుడెక్క ఉంది. ఎడమ ప్రొపెల్లరు వేళ్ళకు చుట్టుకుని బిగుసుకుపోయింది. మా వాడు లాగేద్దామని పుల్లను మరింత ముందుకు తోశాడు. పడవ లోపలినుంచి సన్నగా పొగ వచ్చింది. అంతే. ఎడమ మోటారుకు చిక్కు పడితే కుడి మోటారైనా ఇంటికి తేవాలి కదా? తేలేదు. ఎందుకంటే రెంటికీ కంట్రోలరు ఒక్కటే, అది కాలిపోయింది. పోనీ చుక్కానైనా తిరిగిందా? అదీ లేదు. రేడియో రిసీవరుకూ, చుక్కాని తిప్పే సర్వోకూ కరెంటు ఆ కంట్రోలరు నుంచే వెడుతుంది. ఒక్క పెట్టె పోతే పడవ మొత్తం శవమైపోయింది.

మా వాడు ఏడుపు మొదలుపెట్టాడు. నేను చెప్పులు విప్పి, పంచె పైకి దోపి, చెరువులోకి దిగాను. మోకాలి లోతు అనుకున్నది నాలుగు అడుగుల్లో నడుం లోతైంది. కింద బురద. ఒక కాలు దిగబడి రాలేదు. ఇంకో కాలు వేస్తే ఛాతీ దాకా వచ్చింది. ఆ డెక్క కాళ్ళకు తాళ్ళలాగా చుట్టుకుంది. గట్టు మీద గేదెలు మేపుతున్న కుర్రాడు చూసి, గేదె పలుపు విసిరి లాగాడు. లేకపోతే నేను ఈ రోజు ఈ వేదిక మీద ఉండేవాణ్ణి కాదు. పక్క గదిలో దండ వేసిన ఫొటోల్లో ఉండేవాణ్ణి. తొమ్మిదేళ్ళ పిల్లవాడు గట్టు మీద నిలబడి "తాతయ్యా వచ్చేయ్, పడవ వద్దు" అని అరిచిన అరుపు నాకు ఇప్పటికీ రాత్రిళ్ళు వినిపిస్తుంది.

ఇంటికి వెళ్ళాక మా ఆవిడ తడి బట్టలు చూసి, జరిగినదంతా మనవడి నోట విని, ఒక్క మాట అన్నది. "ఏమండీ, ఇప్పుడు వచ్చే పెన్షనుతోనే నెల గడవటం లేదు. నన్ను ఫ్యామిలీ పెన్షన్‌లోకి నెట్టేద్దామనా?"

నవ్వకండి. అందుకనే కంట్రోలరు ఎన్నిక చిన్న విషయం కాదంటున్నాను. చవకబారు పెట్టె నీళ్ళ మధ్యలో ఆగిపోతే, దాని వెంట దిగేది మనమో, మన కళ్ళుగప్పి మన పిల్లలో.

కాలిపోయిన పెట్టెను పట్టుకుని మా వీధి చివర మోటార్ల వైండింగు మేస్త్రి దగ్గరకు వెళ్ళాను. పొలం మోటార్లు కాలితే చుట్టే మనిషి. చదువు అయిదో తరగతి. ఆయన దానిని అటూ ఇటూ తిప్పి, వైరు రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి నవ్వాడు. "మాస్టారూ, ఈ వైరులో 320 ఆంపియర్లు వెడతాయంటే మీరెలా నమ్మారండి? మన ఊళ్ళో 250 కె.వి.ఏ. ట్రాన్స్‌ఫారం ఉంది చూశారా, దానినుంచి కిందికి దిగేది ఒక్కో ఫేజుకు అటూ ఇటూగా అంతేనండి. ఆ కేబులు నా బొటనవేలంత ఉంటుంది. ఇది దారప్పోగు" అన్నాడు. నేను సిగ్గుపడిపోయాను. ఆ 320 అనేది లోపలి చిన్న ట్రాన్సిస్టర్లు, వాటిని మంచుముద్దలా చల్లగా ఉంచగలిగితే, ఏదో క్షణంపాటు ఓర్చుకోగల కాగితపు లెక్క అట. పెట్టెలో బిగించి, గాలి ఆడని పడవ పొట్టలో పెట్టి, పావుగంట నడిపితే ఎంత మోస్తుందో ఆ అంకె చెప్పదు. అందువల్ల కొనేటప్పుడు వెతకవలసిన మాట 'నిరంతరం', అంటే ఆపకుండా మోయగల ఆంపియర్లు. ఆ మాట ఎక్కడా లేకుండా ఒట్టి పెద్ద అంకె మాత్రమే ఉన్న పెట్టెను తీసుకోకండి.

ఆయన చెప్పిన రెండో మాట అసలైనది. "మోటారు తిరిగేటప్పుడు ఎంత తాగుద్దని కాదండి చూడాల్సింది. జామైపోతే ఎంత తాగుద్దో చూసి కొనాలండి."

దీనిని మన భాషలో చెబుతాను. ట్రెజరీలో మామూలు రోజుల్లో వచ్చే బిల్లులకు ఒక కౌంటరు సరిపోతుంది. కాని మార్చి 31న ఏమవుతుంది? మామూలు రోజును చూసి సిబ్బందిని వేస్తే ఆ రోజున ఆఫీసు కుప్పకూలుతుంది. మోటారు కూడా అంతే. తిరుగుతున్నంతసేపూ తానే లోపల ఎదురు వోల్టేజి పుట్టించుకుని కరెంటును అదుపులో పెట్టుకుంటుంది. బిగుసుకుపోయిన క్షణాన ఆ ఎదురు ఉండదు. అప్పుడది మోటారు కాదు, ఒట్టి రాగితీగ చుట్ట. బాటరీలో ఉన్నదంతా లాగేస్తుంది. పొలం మోటారు జామైతే వైండింగు కాలేది ఇందుకే.

మరి బిగుసుకుపోతే ఎంత లాగుతుందో తెలుసుకోవడం ఎలా? మా మోటార్లు 540 సైజువి, లోపల కార్బన్ బ్రష్షులు ఉండే మామూలు రకం. బాటరీ నికెల్ సెల్లులు ఆరు కలిపిన 7.2 వోల్టులది. నిండు బాటరీ పెట్టి మోటారును పట్టి ఆపితే మీటరూ పోతుంది, మోటారూ పోతుంది. మేస్త్రి చెప్పిన ఉపాయం చూడండి. ఒక్క నికెల్ సెల్లు మాత్రమే తగిలించి, ఇరుసును గుడ్డ చుట్టిన పటకారుతో గట్టిగా పట్టుకుని, రెండు సెకన్లు మాత్రం చూడాలి. ఒక మీటరు ఆంపియర్లకు, ఇంకొకటి మోటారు కొసల దగ్గర వోల్టులకు. మాకు 5 ఆంపియర్లు, 1 వోల్టు వచ్చింది. అంటే నిరోధం 0.2 ఓములు. 7.2ను 0.2తో భాగించండి. 36 ఆంపియర్లు. ఇరుసును కొంచెం కొంచెం తిప్పి మూడు నాలుగు చోట్ల చూసి, ఎక్కువ వచ్చిన లెక్కను తీసుకోవాలి. మీ మోటారుకు మీ లెక్క వేరే వస్తుంది. నా 36ను రాసుకుపోయి వాడకండి.

మామూలుగా తిరిగేటప్పటి లెక్క కోసం ప్రొపెల్లరు బిగించి, పడవను తొట్టిలో తాడుతో కట్టి, నిండు జోరుతో మీటరు చూశాను. ఒక్కో మోటారుకు 6 ఆంపియర్లు. చెరువులో పడవ కదులుతున్నప్పుడు ఇంకొంచెం తక్కువే ఉంటుంది కాబట్టి, కట్టేసి చూసిన లెక్క మనకు క్షేమం. తిరిగేటప్పుడు 6, బిగిస్తే 36. ఆరు రెట్లు! రెండు మోటార్లకూ ఒకటే కంట్రోలరైతే, ఆ రెండు మోటార్లూ బిగిసిన రోజున 72 మోయాలి. నా దారప్పోగు పెట్టె ఎందుకు కాలిందో అప్పుడర్థమైంది.

ఇప్పుడు ఒకటా రెండా అన్న ప్రశ్నకు వద్దాం. ఒక్కటి ఎప్పుడూ తప్పని నేననను. రెండు ప్రొపెల్లర్లూ దగ్గరగా ఉండి, ఒక్కో దాని వెనుక చుక్కాని ఉండి, పడవ చుక్కానితోనే చక్కగా తిరిగితే ఒక్క కంట్రోలరు చాలు. అప్పుడు మోటార్లను ఒకదానికొకటి సమాంతరంగా కలపాలి, దండలో పూసల్లాగా వరుసగా కలపకూడదు. వరుసగా కలిపితే ఒక ప్రొపెల్లరు నీటిపైకి లేచినప్పుడు అది వెర్రిగా తిరిగి రెండోది నీరసిస్తుంది. కంట్రోలరు మాత్రం రెంటి కరెంటునూ మోయగలది కావాలి. ప్రతి మోటారు వైరులోనూ విడిగా ఒక ఫ్యూజు ఉండాలి. కారుల్లో వాడే రంగురంగుల రెక్క ఫ్యూజులు చవకగా దొరుకుతాయి. ఎర్రది 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. బిగిసిన మోటారు ఫ్యూజు ఒకటి రెండు సెకన్లలో ఎగిరిపోతే రెండో మోటారు పడవను ఇంటికి తెస్తుంది. నాకు ఆ రోజున పది రూపాయల ఫ్యూజు ఉండి ఉంటే చెరువులోకి దిగే పనే ఉండేది కాదు.

కాని మాది టగ్గు. ఉన్నచోట తిరగకపోతే అది టగ్గే కాదని మా వాడి తీర్మానం. ఒక మోటారు ముందుకు, ఒకటి వెనక్కు అంటే రెండు కంట్రోలర్లు తప్పవు. ఈసారి 40 ఆంపియర్లు నిరంతరం మోస్తుందని స్పష్టంగా రాసి ఉన్నవి రెండు కొన్నాను. 36 కంటె కొంచెం ఎక్కువ. ఒక్కొక్క మోటారుకు నీలం ఫ్యూజు వేశాను. 6 ఆంపియర్లకు 15 ఎందుకంటే, ముందుకు పోతున్న మోటారును గభాలున వెనక్కు తిప్పినప్పుడు క్షణంపాటు చాలా లాగుతుంది. ఎర్రది వేస్తే ఆ ఊపుకే ఎగిరిపోయేది.

కొనేటప్పుడు ఆంపియర్లు ఒక్కటే చూస్తే చాలదు. కార్లకు చేసినదా, పడవకు చేసినదా అడగండి. కారు కంట్రోలరులో పుల్లను వెనక్కు లాగితే మొదట బ్రేకు పడుతుంది. వదిలి మళ్ళీ లాగితేగాని వెనక్కు తిరగదు. రోడ్డు మీద అది మంచిదే. నీళ్ళలో గట్టుకు గుద్దుకోబోతున్నప్పుడు రెండుసార్లు లాగే తీరిక ఉండదు. విమానాలకు చేసినవాటిలో చాలావాటికి వెనక్కు తిప్పడమే రాదు. నేరుగా ముందుకూ వెనక్కూ తిరిగేది, బ్రేకు లేనిది, లేదా బ్రేకును తీసేయగలది కావాలి. మీ బాటరీ వోల్టేజి దాని హద్దుల్లో ఉందా అన్నదీ చూడాలి. బాటరీ రకం ఎంచుకునే సదుపాయం ఉంటే నికెలా లిథియమా అన్నది సరిగా పెట్టాలి.

బ్రష్షులు లేని కొత్త రకం మోటార్లు కూడా వచ్చాయి. జోరు పడవలకు అవి మేలు. అయితే వాటి విషయంలో ఒకటా రెండా అన్న చర్చే లేదు. మోటారు ఏ కోణంలో ఉందో చూసుకుంటూ కరెంటు పంపే కంట్రోలరు అది. ఒకటి రెండు మోటార్లను చూసుకోలేదు. మోటారుకొకటి ఉండి తీరాలి. మా టగ్గులాంటి నెమ్మది పడవకు పాత బ్రష్షుల మోటారే హాయి.

రెండు కంట్రోలర్లు పెట్టినవారు చేసే పొరపాటు ఒకటుంది. ప్రతి కంట్రోలరు నుంచీ రిసీవరుకు మూడు సన్న వైర్లు వెడతాయి. అందులో ఎర్రది రిసీవరుకు కరెంటు మోసేది. కంట్రోలరు లోపలి ఆ ఏర్పాటును బి.ఇ.సి. అంటారు. రెండు పెట్టెలూ ఒకే రిసీవరుకు కరెంటు పోస్తే, ఒక ఫైలు మీద ఇద్దరు సూపరింటెండెంట్లు సంతకాలు పెట్టినట్టే. ఇద్దరి వోల్టులూ సరిగ్గా ఒకటి కావు, ఒకరితో ఒకరు పోట్లాడుకుని వేడెక్కుతారు. ఒక దానిలోని ఎర్ర వైరు పిన్నును ప్లగ్గులోంచి ఊడదీసి, దానికి టేపు చుట్టాలి. తెంపనక్కరలేదు. నేను రెంటినీ ఊడదీశాను. ఆ రోజు అనుభవం తరువాత రిసీవరుకు వేరే నాలుగు నికెల్ సెల్లుల బాటరీ పెట్టాను. ఇప్పుడు రెండు కంట్రోలర్లూ ఒకేసారి కాలినా చుక్కాని మాత్రం నా మాట వింటుంది. గాలివాటుగా పడవను గట్టుకు చేర్చుకోవచ్చు.

రెండు మోటార్లను ఒడ్డునుంచి నడిపేందుకు మా వాడు రెండు పుల్లలు వాడతాడు, ఎడమ చేతికి ఎడమ మోటారు, కుడి చేతికి కుడిది. నా చేతులకు అది పట్టుబడలేదు. నా వంటి వారి కోసం మిక్సరు అనే చిన్న పరికరం ఉంది. కొన్ని రిమోట్లలో లోపలే ఆ ఏర్పాటు ఉంటుంది. ఒక్క పుల్లతో ముందుకు పోవచ్చు, పక్కకు జరిపితే లోపలి మోటారు నెమ్మదించి, ఇంకా జరిపితే వెనక్కు తిరుగుతుంది. జోరుగా పోయేటప్పుడు ఆ తేడాను తగ్గించి పెట్టుకోవాలి. లేకపోతే పడవ పల్టీ కొట్టవచ్చు.

ఇంకా కొన్ని చిన్న సంగతులు. రెండు ప్రొపెల్లర్లు ఎదురెదురుగా తిరగాలి. కొన్ని మోటార్లు ఒక దిక్కుకే చురుకుగా తిరిగేలా తయారవుతాయి. అటువంటివి వద్దు, రెండు వైపులా సమంగా తిరిగేవి అడిగి తీసుకోండి. బ్రష్షుల దగ్గర లేచే నిప్పురవ్వలు రేడియోను గలిబిలి చేయకుండా మోటారు కొసలకు 104 అని రాసి ఉండే చిన్న కెపాసిటర్లు అతకాలి. బాటరీ ప్లగ్గు తిరగేసి పట్టని రకం వాడండి. ప్లస్సు మైనస్సు తారుమారైతే కంట్రోలరు అదే క్షణంలో పోతుంది, ఏ ఫ్యూజూ దాన్ని కాపాడదు. సగం జోరుతో నడిపితే కంట్రోలరుకు విశ్రాంతి అనుకోవద్దు, ఆన్ ఆఫ్ చేయడంలోనే అది వేడెక్కుతుంది. మొదటిరోజు అయిదు నిమిషాలకొకసారి పడవను పిలిచి చెయ్యి పెట్టి చూడండి. చెయ్యి నిలవకపోతే ఏదో తప్పుంది. ముందు రిమోటు ఆన్ చేసి, తరువాత పడవ ఆన్ చేయాలి. ఆపేటప్పుడు ముందు పడవ. సిగ్నలు పోతే మోటార్లు ఆగిపోయేలా రిసీవరులో పెట్టుకునే సదుపాయం ఉంటుంది, దాన్ని తప్పకుండా పెట్టుకోండి. ఇప్పటి 2.4 గిగాహెర్ట్జు రేడియో తరంగాలు నీళ్ళలోంచి పోవు కాబట్టి యాంటెనాను నీటిమట్టానికి పైన ఉంచాలి.

లిథియం బాటరీ గురించి ఒక్క మాట. తేలిక, బలం ఎక్కువ, నిజమే. కాని పొడుచుకున్నా, ఎక్కువ ఛార్జి చేసినా మండుతుంది, నీళ్ళు పోసినా తేలికగా ఆరదు. చిన్నపిల్లలున్న ఇంట్లో రాత్రంతా ఛార్జింగు పెట్టి పడుకునే అలవాటు మనకు ఉంది. అందుకని నేను నికెల్‌తోనే సరిపెట్టుకున్నాను. టగ్గు కాస్త బరువుగా ఉంటేనే నీళ్ళలో అందంగా కూర్చుంటుంది కూడా.

ఇంత చేసినా పడవ ఎప్పుడో ఒకప్పుడు చెరువు మధ్యలో ఆగుతుంది. ఆగి తీరుతుంది. దానికి మా ఇంట్లో ఇప్పుడు ఒక నియమం ఉంది, మా ఆవిడ రాయించినది, నేనూ మనవడూ సంతకాలు చేసినది. పడవ కోసం ఎవరూ నీళ్ళలో కాలు పెట్టకూడదు. చేపలు పట్టే గాలం కర్రకు కొక్కెం తీసేసి, టెన్నిస్ బంతి కట్టి వెంట తీసుకువెడతాం. పడవకు అవతలి వైపు బంతిని విసిరి, దారం పడవ మీదుగా పడేలా చేసి, నెమ్మదిగా చుట్టుకుంటే పడవ దాని వెంట వస్తుంది. బంతి అందనంత దూరం పోతే గాలి కోసం కూర్చుంటాం. ఒకసారి సాయంకాలం నాలుగింటినుంచి ఏడింటిదాకా కూర్చున్నాం. మా వాడు ఆ మూడు గంటల్లో నా చేత సర్వీసు కథలన్నీ చెప్పించుకున్నాడు. పడవ దానంతటదే వచ్చి గట్టుకు తగిలింది. కాలువలో మాత్రం వదలం. పారే నీళ్ళలో పడవ పోతే పోయినట్టే, దాని వెంట పరుగెత్తే పిల్లవాడి సంగతి చెప్పనే అక్కరలేదు.

ఈ ఏడాది వానలు వెలిశాక అదే చెరువుకు, అదే గుర్రపుడెక్క దగ్గరకు కావాలనే తీసుకువెళ్ళాం. ఈసారి కుడి ప్రొపెల్లరుకు చుట్టుకుంది. ఫ్యూజు టప్పుమని ఎగిరింది. మా వాడు కంగారు పడలేదు. ఎడమ మోటారును వెనక్కు తిప్పి డెక్కలోంచి లాగి, చుక్కాని ఎడమవైపు సగం తిప్పి పట్టుకుని, కొంచెం వంకరగానే అయినా, పడవను నా కాళ్ళ దగ్గరకు తెచ్చి నిలబెట్టాడు. పలుపు విసిరిన కుర్రాడు ఆ రోజు కూడా అక్కడే ఉన్నాడు. వాడికి రిమోటు ఇచ్చి ఒక గంట ఆడుకోమన్నాం.

కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు. పడవను బయట వరండాలో బల్ల మీద పెట్టాం. మేస్త్రి చెప్పిన ఒంటి సెల్లు పరీక్ష చూడదలచినవారి కోసం రెండు మీటర్లు, పటకారు కూడా తెచ్చాను. భోజనాల తరువాత పెద్ద నీళ్ళతొట్టిలో మా వాడు నడిపి చూపిస్తాడు. ఫ్యూజులు నాలుగు అదనంగా తెచ్చాం కాబట్టి మీ పిల్లలు కూడా భయపడకుండా నడపవచ్చు.